అర విరగలేదు, వంగిపోయింది: మీ 25 కిలోల లేబుల్ మీద నా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: పుస్తకాల ర్యాక్ అరలు శాశ్వతంగా వంగిపోవడం, వారంటీ నిరాకరణపై అభ్యంతరం.

నమస్కారం.

మీ కంపెనీ పుస్తకాల ర్యాక్‌లో అరలు మధ్యలో కుంగిపోయాయని ఫోటోలతో సహా మీకు మెయిల్ పెట్టాను. "సూచించిన 25 కిలోల కన్నా ఎక్కువ బరువు పెట్టి ఉంటారు. ఇది వాడకంలో లోపం కాబట్టి వారంటీ వర్తించదు. అరను తిరగేసి వాడుకోండి" అని మీ నుంచి జవాబు వచ్చింది. ఈ జవాబు నాకు సమ్మతం కాదు. నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ (బరువు కింద వస్తువులు ఎలా వంగుతాయో, విరుగుతాయో చెప్పే) పాఠం చెబుతాను. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో లెక్కలతో సహా రాస్తున్నాను. దయచేసి దీన్ని మీ డిజైన్ విభాగం వాళ్లకు కూడా చూపించండి.

ముందు బరువు సంగతి. అన్నిటికన్నా ఎక్కువగా వంగిన అర మీది పుస్తకాలన్నీ దించి తూచాను. 20 కిలోలు వచ్చాయి, అంటే మీ లేబుల్ చెప్పిన దానికన్నా తక్కువే. పుస్తకాలు దించే ముందే అర అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి లాగి, మధ్యలో స్కేలు పెట్టి చూశాను. బోర్డు దారం కన్నా 17 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. పుస్తకాలు తీయగానే అది 12కు వచ్చింది. ఖాళీగా వదిలేస్తే ఆ తర్వాతి రోజుల్లో మెల్లగా 9 దాకా తగ్గి, అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు దాని మీద కాగితం ముక్క కూడా లేదు, అయినా 9 మిల్లీమీటర్ల వంపు అలాగే ఉంది.

జరిగిందంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. బరువు తీయగానే వెనక్కి వచ్చిన 5 మిల్లీమీటర్లు స్థితిస్థాపక వంపు. ప్రతి వస్తువూ బరువుకు ఎంతో కొంత వంగుతుంది, తీస్తే తిరిగి లేస్తుంది. సాగుదల బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రచురించాడు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గిన 3 మిల్లీమీటర్లు, ఎప్పటికీ తగ్గకుండా మిగిలిపోయిన 9 మిల్లీమీటర్లు మాత్రం వేరే రకం. బరువు పెరగకపోయినా కాలం గడిచేకొద్దీ పెరిగే ఈ వంపునే మా సబ్జెక్టులో క్రీప్ అంటాం. హుక్ నియమంలో కాలం ప్రస్తావన లేదు. మీ లేబుల్‌లోనూ లేదు.

మీ అర కొలతలు ఇవి: పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 28 సెంటీమీటర్లు, మందం 18 మిల్లీమీటర్లు. సరుకు లామినేట్ అతికించిన పార్టికల్ బోర్డ్, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. దీని యంగ్ గుణకం (సరుకు వంగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత) సుమారు 2 నుంచి 3 గిగాపాస్కల్స్ ఉంటుంది. ఉక్కుకైతే దాదాపు 200. మధ్యస్థంగా 2.5 తీసుకుని, 20 కిలోలు అర పొడవునా సమానంగా పరిచినట్టు లెక్క వేస్తే, పెట్టిన రోజు వంపు సుమారు 5.5 మిల్లీమీటర్లు వస్తుంది. పుస్తకాలు తీయగానే లేచింది కూడా దాదాపు అంతే. అంటే బరువు విషయంలో నేను చెప్పింది నిజమేనని మీ బోర్డే సాక్ష్యం చెబుతోంది. 20 కాకుండా 40 కిలోలు పెట్టి ఉంటే తీసిన వెంటనే 10 మిల్లీమీటర్ల పైగా లేచేది. "ఎక్కువ బరువు పెట్టి ఉంటారు" అని రాసేవాళ్లు ఈ ఒక్క లెక్క చేసి ఉంటే బాగుండేది.

ఇక కాలం సంగతి. చెక్క, చెక్క బోర్డుల మీద బరువు ఏళ్ల తరబడి ఉంటే మొదటి వంపు ఎన్ని రెట్లు అవుతుందో లెక్కకట్టడానికి యూరప్ చెక్క నిర్మాణాల ప్రమాణం యూరోకోడ్ 5లో ఒక గుణకం ఇచ్చారు. పొడిగా ఉండే గదిలో మామూలు కలపకు అది 0.6. అంటే మొదటి వంపుకు దాని 0.6 వంతు అదనంగా చేరి, చివరికి వంపు మొదటిదానికి 1.6 రెట్లు అవుతుంది. బరువు మోయడానికి తయారుచేసే పార్టికల్ బోర్డ్ రకాలకు అదే గుణకం 1.5 నుంచి 2.25 దాకా ఉంది. 2.25 వేస్తే, అంటే 3.25 రెట్లు చేస్తే, 5.5 కాస్తా దాదాపు 18 మిల్లీమీటర్లు అవుతుంది. నేను కొలిచింది 17. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఈ కొలతల బోర్డు ఈ బరువు కింద చివరికి ఇలాగే అవుతుందని డిజైన్ చేసేటప్పుడే తెలుసుకోవచ్చు.

మరి ఆ 25 కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? నాకు అర్థమైనంత వరకు అది విరగకుండా ఉండే బరువు. 20 కిలోల కింద మీ బోర్డులో పుట్టే గరిష్ఠ ప్రతిబలం (లోపల ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే బలం) సుమారు 1.5 మెగాపాస్కల్స్. ఇలాంటి బోర్డు విరగడానికి 11, 12 అయినా కావాలి. కాబట్టి మీ అర ఇప్పట్లో విరగదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ పుస్తకాల అర కొనేవాళ్లు అది విరగకపోతే చాలనుకోరు, తిన్నగా ఉండాలని కొనుక్కుంటారు. పుస్తకాలు అర మీద సాయంత్రానికి దించేసే సామాను కాదు, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. కాసేపు బరువు పెట్టి చూసిన పరీక్షతో ఈ వాడకానికి హామీ ఇవ్వడం కొనేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

డిజైన్‌లో ఇంకో రెండు లోపాలు కనిపించాయి. అర రెండు కొసలూ ఊరికే పిన్నుల మీద ఆని ఉన్నాయి. బోర్డు వంగినప్పుడు కొసలు స్వేచ్ఛగా తిరుగుతాయి. అవే కొసలను తిరగనివ్వకుండా గట్టిగా బిగించగలిగితే మధ్య వంపు ఐదో వంతుకు తగ్గుతుంది. రెండోది, ముందు అంచుకు ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ) అందంగా వేసి, గోడ వైపు అంచును పచ్చిగా వదిలేశారు. వేలితో రుద్దితే పొట్టు రాలుతోంది. అక్కణ్ణుంచి తేమ లోపలికి వెళ్తూ వస్తూ ఉంటుంది. బరువు మీద ఉన్న చెక్క బోర్డు తేమ పీలుస్తూ, ఆరుతూ ఉంటే క్రీప్ ఇంకా ఎక్కువవుతుంది. వెనక అంచు ఎవరికీ కనబడదు కదా అని వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

తిరగేసి వాడుకోమన్న సలహా గురించి కూడా చెప్పాలి. తిరగేస్తే కొన్నాళ్లు తిన్నగా కనిపిస్తుంది, తర్వాత అదే క్రీప్ అటువైపు మొదలవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పిన్నులు కూర్చునే గాడులు మీ అరకు అడుగు వైపే ఉన్నాయి. తిరగేస్తే ఆ గాడులు పైకి వస్తాయి, బోర్డు నున్నటి ముఖంతో పిన్నుల మీద పట్టు లేకుండా కూర్చుంటుంది. పక్కకు జారితే 20 కిలోల పుస్తకాలు మనిషి మీద పడతాయి. పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి సలహా ఇవ్వడం ప్రమాదకరం. ఇంకెవరికీ ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చినవాళ్లకు వద్దని చెప్పండి.

పరిష్కారం మీ చేతిలో ఉన్నదే. అర మధ్యలో ఒక నిలువు ఆధారం ఇస్తే చాలు. పుస్తకాలు పొడవునా పరిచి ఉన్నప్పుడు వంపు పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పొడవు సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. బోర్డు మందం 18 నుంచి 25 మిల్లీమీటర్లకు పెంచినా వంపు రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. కానీ నా ఉద్దేశంలో మధ్య ఆధారమే మేలు, దానికి పట్టే సరుకు కూడా తక్కువే.

నేను కోరేది ఇది. వంగిన అరల బదులు కొత్తవి, వాటితో పాటు మధ్య ఆధారం పంపి బిగించి ఇవ్వాలి. అది కుదరకపోతే ర్యాక్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు తిరిగి ఇవ్వాలి. నా ఫిర్యాదు రికార్డులో "వాడకం లోపం" అని రాసిన మాట తీసేయాలి. లేబుల్ మీద 25 కిలోలు ఎంత కాలానికి, ఎంత వంపుకు లోబడి చెబుతున్నారో స్పష్టంగా అచ్చు వేయాలి. ఆ 25 కిలోలు తేల్చిన పరీక్షలో బరువు ఎన్ని గంటలు ఉంచారో రాతపూర్వకంగా నాకు తెలియజేయాలి.

కొలతల ఫోటోలు, లెక్క వేసిన కాగితం, బిల్లు కాపీ జతచేస్తున్నాను. మీ టెక్నీషియన్ వచ్చి స్వయంగా కొలుచుకుంటానంటే అభ్యంతరం లేదు. అరను ఖాళీగా అలాగే ఉంచాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇదే ఉత్తరం, ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు

జతచేసినవి: ఫోటోలు, లెక్కల కాగితం, బిల్లు కాపీ, మీ జవాబు ప్రతి