సెకండ్ హ్యాండ్ కార్ల గతం కొనేవారికి తెలియాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు చాలావరకు ఇప్పుడు మోటారు సైకిల్ తర్వాత నేరుగా చిన్న ఎస్‌యూవీ వైపే చూస్తున్నాయి. నాలుగు మీటర్ల లోపు పొడవుతో, నేలకు కాస్త ఎత్తులో ఉండే ఈ బళ్లు మా ఘాటు రోడ్లకు, వానాకాలపు గుంటలకు అనువైనవే. కొత్తది కొనే స్తోమత లేనివారు శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకుంటారు. వెళ్లే ముందు అందరూ వాకబు చేసేది ‘ఈ మోడల్ మంచిదేనా’ అన్న ఒక్క సంగతే. ఆ ప్రశ్న తప్పు కాదు గాని, మోడల్‌కు ఎంత మంచి పేరున్నా మన గుమ్మం ముందుకు వచ్చే ఆ ఒక్క బండి ఎవరి చేతిలో ఎలా తిరిగిందో తెలియకపోతే ఆ పేరు మనకు అక్కరకు రాదని మా ఇంట్లో జరిగిన దాన్ని బట్టి నాకు అర్థమైంది.

మా అల్లుడు నిరుడు కోస్తాలోని ఒక పట్టణంలో ఐదేళ్ల వయసున్న బండిని, అదే రకం బళ్లు పలికే ధర కంటే బాగా తక్కువకు కొన్నాడు. మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు వానలో చంద్రగిరి ఘాటు ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, స్టీరింగ్ బిగుసుకుపోయి, పిల్లలతో సహా మలుపులో ఆగిపోయారు. ఇక్కడి మెకానిక్ లోపలి కార్పెట్ ఎత్తి చూస్తే అడుగున ఎండిన ఒండ్రు, వైర్ల కనెక్టర్లలో పచ్చగా చిలుము కనిపించాయి. ఆ తర్వాత అతను సీటు బెల్టును చివరికంటా లాగి నా చేతికిచ్చాడు. పైకి కనిపించే బెల్టు శుభ్రంగా ఉంది. చుట్టలో ఉండిపోయే చివరి జానెడు మీద మాత్రం ఎర్రమట్టి చార ఉంది, వేలితో రుద్దితే గరగరలాడింది. అది వరద నీటిలో మునిగిన బండి. కొన్ననాడు అర నిమిషం వెచ్చించి ఆ బెల్టు లాగి ఉంటే మా పిల్లలు ఆ మలుపులో చిక్కుకునేవారు కారు.

ఇది అరుదైన సంగతి కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లానూ, శ్రీకాకుళాన్నీ ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలోని ఇళ్ల ముందు నిలిపి ఉంచిన కార్లు ఎన్నో నీట మునిగాయి. బాగుచేయడం గిట్టుబాటు కాని బళ్లకు బీమా కంపెనీలు పరిహారం చెల్లించి, వాటిని వేలానికి పెట్టడం మామూలే. వాటిలో కొన్ని తుడిచి మెరిపించుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి. కాబట్టి బెల్టుతో పాటు సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ పెట్టే గుంటలో మట్టి, హెడ్‌లైట్ల లోపల నీటి చార తప్పక చూడాలి. అద్దాలన్నీ ఎత్తి కాసేపు ఉంచి మళ్లీ తలుపు తీస్తే ముక్కుకు తగిలే ముక్కిన వాసన కూడా చాలా చెబుతుంది. అగరు పరిమళం ఘాటుగా కొట్టిన బండిని నేనైతే మరింత అనుమానంగా చూస్తాను.

మోడళ్ల విషయంలోనూ పేరు చూసి కాకుండా ఇంజన్, తయారైన సంవత్సరం చూసి ఆలోచించాలి. ఉదాహరణకు 2016లో వచ్చిన మారుతి విటారా బ్రెజా 2020 వరకు 1.3 లీటర్ల డీజిల్‌తోనే దొరికింది, ఆ తర్వాతిది 1.5 లీటర్ల పెట్రోలు. పేరొక్కటే అయినా మరమ్మతుల తీరు వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యానికి పరిమితి పెట్టిన ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అప్పుడప్పుడు కొంతసేపు ఆగకుండా వేగంగా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి బడికి మాత్రమే తిప్పే వారికి అది మూసుకుపోయి ఖర్చు తెచ్చిపెడుతుంది. ఫోర్డ్ సంస్థ 2021లో మన దేశంలో కార్ల తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది గనుక ఆ సంస్థ ఎకోస్పోర్ట్ కొనదలచినవారు దగ్గర్లో సర్వీసు ఎక్కడ ఉందో, విడిభాగాలు ఎన్నాళ్లకు వస్తాయో ముందే విచారించుకోవాలి.

మీటరు మీది అంకెను నమ్మవద్దు. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నబడి ఉంటే ఆ రెండూ పొసగవు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. బండి కంటే టైర్లు బాగా కొత్తవైతే తక్కువ తిరిగిందన్న మాటను అనుమానించాలి. షోరూం సర్వీసు రికార్డులో ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లు రాశారో వరుసగా చూడాలి. మెకానిక్ చేత బండి కంప్యూటరులో నమోదైన తప్పులు చదివే స్కానర్ పెట్టించినప్పుడు తప్పులేవీ చూపకపోయినా, అవి ముందురోజే చెరిపేసినవి కావచ్చు. బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపితే నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూడమనాలి.

మనం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగి స్టార్ట్ చేయించడం మంచిది, పొద్దున్నే చల్లని ఇంజన్ దాచలేని పొగ, చప్పుడు అప్పుడే బయటపడతాయి. చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి సంతృప్తి పడకూడదు. మాకు తప్తపాణి ఘాటు లాంటి ఎత్తులే రోజువారీ దారులు. ఎత్తులో మూడో గేరు వేసి యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి మాత్రం ఊపందుకోకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టే.

కాగితాల్లోనూ సరిహద్దు వల్ల అదనపు పని ఉంటుంది. మొదట రిజిస్టరైన ఆర్టీవో కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, బ్యాంకు ఫైనాన్స్ ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) నుంచి రద్దయిందో లేదో చూడాలి. ఇతర రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఒడిశా నంబరు తీసుకోక తప్పదు, ఇక్కడి పన్ను కూడా లెక్కలో వేసుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలన్న నిబంధన అమల్లో ఉంది. కొనేవారు ఆ పత్రం అడిగి చూసే అలవాటు మాత్రం మా వైపు ఇంకా రాలేదు.

కేంద్ర రవాణా శాఖ వారి వాహన్ పోర్టల్‌లో నంబరు కొడితే ఎన్నో చేతి బండో, ఫైనాన్స్ ఉందో లేదో ఎవరైనా తెలుసుకోవచ్చు. దానితో పాటు, బీమా కంపెనీ పూర్తి నష్టంగా తేల్చి పరిహారం చెల్లించిన బండి అయితే ఆ సంగతి కూడా అక్కడే సామాన్యుడికి కనిపించేలా కేంద్ర రవాణా శాఖ ఏర్పాటు చేయాలి. ఎన్‌ఓసీ ఇచ్చేటప్పుడు ఆంధ్రప్రదేశ్ అధికారులు, కొత్త నంబరు ఇచ్చేటప్పుడు ఒడిశా అధికారులు ఆ వివరాన్ని ఆర్సీ మీద ఎక్కించాలని కోరుతున్నాను. ఈ విషయాన్ని మీ పత్రిక రెండు రాష్ట్రాల రవాణా శాఖల దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా