మండపం కప్పుకు కాటుక పడుతున్నాం

సంపాదకుడు గారికి,

కార్తీకం దగ్గరపడింది. మా ఊరి పాత శివాలయం ముఖమండపంలో మళ్లీ 365 వత్తుల కట్టలు వెలుగుతాయి. ఆ మండపం కప్పుకు పాతకాలపు రంగుల బొమ్మలున్నాయి. చిన్నప్పుడు వెల్లకిలా పడుకుని పార్వతి చీర అంచు మీద ఎర్రచుక్కలు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు చుక్కలు కాదు, చీరే కనపడదు.

‘పొగ పైకి పోక కిందికి పోతుందా?’ అంటారు గుడి పెద్దలు. పైకి పోవడం వేరు, అంటుకోవడం వేరు. మా అమ్మమ్మ కాటుక పట్టేటప్పుడు ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పైన తడిగుడ్డ వేసేది. ఆరితే మళ్లీ తడిపేది. పళ్లెం కాలిపోతే మసి సరిగా పట్టదని ఆవిడ లెక్క. నేను ఫిజిక్స్ పాఠంలో చదివిందీ అదే. వేడి గాలిలో అణువులు జోరుగా తిరుగుతాయి. మసి నలుసుకు వేడి వైపు నుంచి గట్టి దెబ్బలు, చల్లటి వైపు నుంచి మెత్తటి దెబ్బలు తగులుతాయి. దాంతో అది చల్లటి వైపుకే జరిగి, గోడను చేరి అతుక్కుంటుంది. వేడి వస్తువు పైన దుమ్ము లేని చీకటి చోటు ఏర్పడడాన్ని టిండాల్ అనే శాస్త్రవేత్త 1870లోనే గమనించాడు.

కార్తీకం తెల్లవారుజామున రాయి ఎంత చల్లగా ఉంటుందో చేయి పెడితే తెలుస్తుంది. కింద వందల దీపాలు. అమ్మమ్మ తడిగుడ్డ పని ఆ రాయే చేసిపెడుతోంది. ఫ్యాన్లు బిగిస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. లోపలి గాలినే తిప్పే ఫ్యాన్ మసిని మళ్లీ మళ్లీ రాయి దగ్గరికే తెస్తుంది.

రోమ్‌లో చిత్రకారుడు మైకెలాంజెలో 1512లో బొమ్మలు వేయడం పూర్తిచేసిన సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనామందిరం కప్పు కూడా కొవ్వొత్తుల మసికి నల్లబడింది. 1980లలో నిపుణులు ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని శుభ్రం చేశారు. మా దగ్గర నిరుడు పండగకు ముందు ఎవరో సబ్బునీళ్లు, కొబ్బరిపీచుతో ఒక మూల రుద్దారు. మసితో పాటు నంది చెవి కూడా పోయింది. లేపాక్షి కప్పు చూసి మురిసిపోయే మనమే ఈ పని చేస్తున్నాం!

దీపాలు మానమని అడగడం లేదు. గర్భగుడిలో అఖండదీపం ఉండనివ్వండి. వత్తులు మాత్రం ఆరుబయట వెలిగించుకునేలా అధికారులు ఈ ఏడే ఏర్పాటు చేయాలి. బొమ్మల జోలికి నిపుణులు తప్ప ఎవరూ పోకూడదు. ఆకాశదీపం ఎలాగూ ధ్వజస్తంభానికే కడతాం. దాని చుట్టూ బోలెడంత చోటుంది, వానకు ఒక రేకుల షెడ్డు వేస్తే చాలు.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, హిందూపురం