గోడ మీది ఫోటోల గురించి మా హోటల్ నుంచి కొన్ని మాటలు

పర్లాకిమిడిలో మా టిఫిన్ హోటల్‌కు వచ్చే మీ అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి గోడ మీది ఫోటోల విషయంలో కొన్ని మార్పులు చేస్తున్నాం. గల్లా దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పే తీరిక ఉండదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవారికి ముందుగా రెండు ముక్కలు. ఊరి పేరు రాయని ఫోటోలను మేము గోడకు తగిలిస్తాం. అవి ఎక్కడివో చూసినవారు పోల్చుకోవాలి. మొదట సరిగ్గా చెప్పినవారికి ఇన్నాళ్లూ కాఫీ ఉచితం. పాతపట్నం నుంచి పని మీద వచ్చినవారు, గుణుపురం బండి కోసం చూసేవారు, మహేంద్రగిరి ఎక్కడానికి బయలుదేరిన కుర్రాళ్లు ఈ ఫోటోల కిందే పరిచయమయ్యారు.

ఇకమీదట ఉచిత కాఫీ ఉండదు. పాల ధర, గ్యాస్ బండ ధర పెరగడం ఒక కారణం, అది దాచను. అంతకంటే పెద్ద కారణం ఫోను. గోడ మీది ఫోటోను ఫోనులో తీసి వెతికితే ఊరి పేరు వెంటనే వచ్చేస్తోంది. ఆ పేరు చెప్పి, కాఫీ తాగి, లేచి వెళ్తున్నారు. పక్క బల్ల దగ్గర అప్పుడే మొదలైన వాదన అక్కడితో ఆగిపోతోంది. నాకు ఆ వాదనే ఇష్టం.

ఆ వాదనల్లో ఎంత తెలివి ఉంటుందో వినేవారికే తెలుస్తుంది. సగం చిరిగిన బోర్డు ఫోటో ఒకటి ఉండేది. అక్షరాల మీద తలకట్టు కనిపిస్తే తెలుగు, గొడుగు పట్టినట్టు గుండ్రటి గీత ఉంటే ఒడియా అని ఒక బడిపిల్ల తేల్చింది. బండి నంబర్లు చూసి ఊరు చెప్పే లారీ డ్రైవర్లు ఉన్నారు. ఏపీ 30 అంటే శ్రీకాకుళం జిల్లా బండి. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి ఆంధ్రలో కొత్త బండ్లకు ఏ జిల్లా అయినా ఒకే వరుస నంబర్లు ఇవ్వడంతో వారికి ఆ ఆధారం పోయింది. ఓడీ 20 అంటే మాత్రం ఇప్పటికీ మన గజపతి జిల్లాయే. ఓడీ బదులు ఓఆర్ అని ఉంటే ఆ బండి పాతది, మన రాష్ట్రం పేరు ఒరిస్సా నుంచి ఒడిశాగా మారాక 2012లో ఆ అక్షరాలు మారాయి.

జిరంగ బౌద్ధ విహారం ఫోటో పెట్టినప్పుడు సిక్కిం అన్నారు, కర్ణాటకలోని బైలకుప్పె అన్నారు. మన జిల్లాలోనే చంద్రగిరి దగ్గర ఉందంటే నమ్మలేదు. 1960ల నుంచి టిబెట్ వారు ఆ కొండల్లో మొక్కజొన్న పండించుకుంటూ ఉన్నారు. 2010లో దలైలామా వచ్చి ఆ విహారాన్ని ప్రారంభించారు. ఆ ఫోటో చూసి టెక్కలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చలికాలంలో రోడ్డు పక్కన టిబెట్ వారి దగ్గర బేరమాడి కొన్న స్వెట్టరు గురించి చెప్పారు. ఆయన పిల్లలు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు అదే తొడుక్కున్నారట. దానికి ఎదురుబల్ల మీది ఆవిడ, తన తమ్ముడు అక్క స్వెట్టరు వేసుకోనని బడి మానేసి ఏడ్చిన సంగతి అందుకున్నారు. అంతకుముందు ఆ ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

నౌపడ నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలుబండి ఫోటో పెడితే ఇంకా చెప్పనక్కర్లేదు. దాన్ని పోల్చుకోవడం ఎవరికీ కష్టం కాదు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన ఆ బండి 1900లో మన ఊరికి వచ్చింది, పెద్ద లైను వేయడానికి 2004లో ఆపేశారు. బొగ్గు ఇంజను రోజుల్లో తెల్ల చొక్కాతో ఎక్కితే పెళ్లికి చేరేసరికి మసి చొక్కా అయ్యేదని, అందుకే మంచి బట్టలు మూట కట్టుకుని వెళ్లి నౌపడలో మార్చుకునేవారమని ఒక రిటైర్డు మాస్టారు చెప్పారు. బరంపురం దగ్గరి గోపాలపురం సముద్రపు ఒడ్డున మిగిలిన పాత రేవు స్తంభాలు చూసి, రంగూన్ వెళ్లిన తాతగారి ఇనుప పెట్టె ఇప్పటికీ తమ ఇంట్లో బియ్యం పోసుకోవడానికి వాడుతున్నామని మరొకరు అన్నారు. ఇలాంటివి పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అందుకే గోడ కింద ఒక నోటుపుస్తకం పెడుతున్నాం. ఊరి పేరు తప్పు చెప్పినా పరవాలేదు, ఆ ఫోటో చూస్తే మీకు గుర్తొచ్చింది రాయండి. తెలుగులోనో ఒడియాలోనో, మీకు ఏది వస్తే అది. రాయలేనివారు చెబితే మా అమ్మాయి రాసిపెడుతుంది. బాగా రాసినవారి దగ్గర ఫోటో ఉంటే, గోడ మీదికి తర్వాత వచ్చేది అదే.

రెండో మార్పు కొందరికి నచ్చకపోవచ్చు. ఉదయం పది దాకా బల్లలు తినేవారికే. బస్సు దిగి ఆకలితో వచ్చినవారు ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడటం నేను చూడలేను, ఆ వేళ అమ్మకం పోతే అద్దె కట్టలేను. పది తర్వాత ఎంతసేపైనా కూర్చోండి. ఫోటోలను కూడా లోపలి గోడ నుంచి వరండాలోకి మారుస్తున్నాం, అక్కడ పొడవాటి బల్ల వేయిస్తున్నాను.

సంతలో సవర గిరిజన ఆడవాళ్ల ముఖాలు దగ్గరగా తీసిన ఫోటోలు కొన్ని మాకు వచ్చాయి. వారిని అడిగి తీసినట్టు లేదు. వాటిని తీసేశాను, అలాంటివి మళ్లీ పెట్టను. ఆ సంత నుంచే వారు మా హోటల్‌కు చింతపండు తెచ్చి ఇస్తారు, ఇక్కడే కూర్చుని టీ తాగుతారు. తమ ముఖం మీద తామెరగని మనుషులు పందెం కాయడం వారు చూడాల్సిన పని లేదు.

మీరు తెచ్చే ఫోటోలు కాగితం మీద అచ్చు వేయించి తెండి. పేరున్న గుడులు, జలపాతాలు చాలానే వచ్చాయి. బస్టాండు, బావి, రేవు, సైకిలు కొట్టు లాంటివి కావాలి. వరండా పని కోసం ఈ ఆదివారం హోటల్ మూసి ఉంటుంది, సోమవారం ఉదయం ఆరింటికి మామూలుగా తెరుస్తాం.