గంటకో చుక్క

ఒరేయ్ మామా,

పదిరోజులుగా ఫోనెత్తడం లేదని నన్ను తిట్టిపోస్తున్నావట, మీ చెల్లెలు చెప్పింది. తిట్టుకో. ఇంట్లో పసిబిడ్డ ఉందిరా. పుట్టినప్పుడు గ్రాము కూడా తూగలేదు.

కిందటేడు హైదరాబాద్ పిట్టల బజారు ముర్గీచౌక్‌లో కొన్న జీబ్రా ఫించ్ జంట గుర్తుందా? ఆ ఎర్రముక్కు పిట్టలు. పంజరంలో వేలాడదీసిన చిన్న మట్టికుండలో ఐదు గుడ్లు పెట్టాయి. సరిగ్గా కనుమ నాటికి మూడు పిల్లలయ్యాయి. తల్లికి తొలికాన్పు. పక్క డాబా మీద గాలిపటాల వాళ్ల మైకు హోరుకి బెదిరిందో ఏమో, ఒక పిల్లని బయటికి తోసేసింది. పొద్దున్నే చూస్తే అడుగు కాగితం మీద చల్లగా పడి ఉంది. పోయిందనుకునే చేతిలోకి తీసుకున్నా. కాసేపటికి అరచేతి వేడికి కాలు కదిపిందిరా! మళ్లీ కుండలో పెడితే మళ్లీ తోసింది, ఈసారి ఇంకోదాన్ని కూడా కలిపి. మూడోది కుండలోనే పోయింది.

ఆకలేస్తుందేమోనని వెంటనే మేత పెట్టబోయా. మాకు తెలిసిన పిట్టల ముసలాయన ఫోన్లోనే కసిరాడు. ఒళ్లు చల్లబడ్డ పిల్లకి అరగదట, మెడ దగ్గరి మేతసంచిలోనే అంతా పులిసిపోతుందట. ముందు వేడెక్కించు, గుడ్డులోని పచ్చసొన ఇంకా దాని కడుపులో ఉంటుంది, కంగారు పడకన్నాడు. చెప్పుల డబ్బా, బల్బు, జ్వరం చూసేది కాదు, గది వేడి చూసే థర్మామీటరు, తేమ కోసం ఒక గిన్నెడు నీళ్లు. 36 డిగ్రీలు నిలబెట్టడానికి మూతని బెత్తెడు జరిపి, మళ్లీ మూసి, సగం రోజు దానికే పోయింది.

మేత పొడి షాపులోనే దొరుకుతుంది. మొదటిరోజు దాదాపు నీళ్లే, తర్వాత పల్చటి మజ్జిగ, ఇప్పుడు జావ. 39 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లారితే అరగదు, మరీ వేడైతే లోపల కాలుతుంది. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదకొండు దాకా గంటకోసారి, సూది తీసేసిన సిరంజితో చుక్కా చుక్కా. పగలు మీ చెల్లెలు, మిగతా వేళలు నేను. "మనవడు కావాలంటే ఇదేంట్రా" అని అమ్మ ఒకటే గొణుగుడు. కానీ గడియారం చూసి లేపేది ఆవిడే.

అవి నోరు తెరవడం నువ్వు చూడాలి. తిన్నగా పైకి చాచవు, మెడ మెలితిప్పి పక్కకి వాల్చి తెరుస్తాయి. అంగిట్లో నల్లచుక్కలు, ఎవరో పెన్నుతో పెట్టినట్టు. చర్మం ఎంత పల్చనంటే మింగిన మేత బయటికే కనిపిస్తుంది. ఆ మేతసంచి ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి.

ఇదంతా తెలిసే తప్పు చేశా. నాలుగోరోజు రాత్రి, నిద్రమత్తు. చిన్నది నోరు తెరవలేదు. పొద్దున్నుంచీ తక్కువే తిందని, "ఇంకొక్క ముద్ద" అంటూ అమ్మ నాకు కుక్కేది చూడు, అలా ముక్కు పక్కనుంచి ఒక చుక్క తోశా. ముక్కు రంధ్రంలో చిన్న బుడగ వచ్చింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదురా. మీ చెల్లెలికి నిద్రలోనే పోయిందని చెప్పా. నీకు చెప్తున్నా, ఆమె దగ్గర అనకు.

ఆ ముసలాయన దగ్గర బెంగాలీ ఫించ్‌లున్నాయి. ఎవరి పిల్లనిచ్చినా సొంతపిల్లలా సాకుతాయి. మొదటిరోజే తెచ్చివ్వమన్నాడు. నేనే, చేత్తో పెంచి చూద్దామనే సరదాకొద్దీ ఇవ్వలేదు. ఇచ్చుంటే రెండూ ఉండేవేమో.

మిగిలినదానికి వారం దాటాక కళ్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు రెక్కల మీద ముళ్లలా ఈకలు పొడుచుకొస్తున్నాయి, అచ్చం కాకరకాయే. నా గొంతు వింటే డబ్బాలోంచి గోల. మూడు వారాలకి ఎగరడం, ఐదు వారాలకి సొంతంగా తినడం. అందుకే నీతో పని పడింది. ఇక్కడ దుకాణాల్లో దొరికేవి నూర్చిన కొర్రలే. దీనికి ముక్కుతో పీక్కుని నేర్చుకోడానికి కంకి కావాలి. మీ అనంతపురంలో ఎవరింట్లోనైనా దాచిన కొర్ర కంకులుంటే నాలుగు పట్రా, మందు కొట్టనివి. బస్సులో నలిపేయకు, పేపర్లో చుట్టుకుని రా.

నీ మామగాడు