శాంతిసేన దండగ అనకండి

సంపాదకులకు,

తూర్పు కాంగోలోని గోమా నగరం 2025 జనవరిలో మళ్లీ ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కినప్పటి నుంచి, ఐక్యరాజ్య సమితి శాంతిసేన వల్ల ఒరిగిందేమీ లేదనే మాట తరచూ వినిపిస్తోంది. ఆ సేనలో మన బెటాలియన్‌తో అక్కడి మసీసీ కొండల్లో పనిచేసిన మాజీ హవల్దార్‌ని. ఆ మాట నాకు మింగుడు పడడం లేదు.

వైఫల్యాలు లేవని అనను. 2008 నవంబరులో కివాంజా పట్టణంలో తిరుగుబాటుదారులు 150 మందిని ఊచకోత కోశారు. మనవాళ్ల శిబిరం అక్కడికి మైలు దూరం కూడా లేదు. ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి సరిపడా దుబాసీలు కూడా లేరు. 2012లో గోమా మొదటిసారి ఎం23 చేతిలో పడిపోయినప్పుడు కాంగో సైన్యం పారిపోయింది, శాంతిసేన చూస్తూ ఉండిపోయింది. మరుసటి ఏడాది భద్రతా మండలి ఎదురుదాడికి అధికారమిచ్చి, టాంజానియా, దక్షిణాఫ్రికా, మలావి సైనికులతో సుమారు 3 వేల మంది బ్రిగేడ్‌ను దించింది. కాంగో సైన్యంతో కలిసి వాళ్లు పోరాడితే నవంబరు కల్లా ఎం23 చేతులెత్తేసింది. 2021 చివర్లో మళ్లీ లేచిందంటే వెనక పొరుగు దేశం రువాండా అండ ఉందని సమితి నిపుణులే రాశారు. దాన్ని ఆపాల్సింది సెంట్రీ డ్యూటీలో ఉన్న జవాను కాదు కదా!

నేను చూసింది చెబుతాను. సంత రోజు తెల్లవారకముందే ఆడవాళ్లు మా గేటు దగ్గర చేరేవారు. వీపు మీద బొగ్గు బస్తాలు, కర్రపెండలం మూటలు, వాటిని మోసే పట్టీ నుదుటికి. మా పెట్రోలింగ్ బండి వెంట ఉంటే దారికాచే మిలీషియాలు కనిపించేవి కావు. లేకపోతే సరుకే కాదు, మానప్రాణాలు దక్కుతాయన్న భరోసా లేదు. టైరు పంక్చరై బండి ఆగితే వాళ్లూ బరువులు దించి రోడ్డు పక్కన కూర్చునేవాళ్లు. ఒక్కరూ ముందుకు అడుగు వేసేవారు కాదు.

2024 జూన్‌లో తూర్పు కాంగోలోనే ఉన్న దక్షిణ కివూ రాష్ట్రం నుంచి సేనను ఉపసంహరించారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి బుకావూ నగరం కూడా ఎం23 చేతిలో పడిపోయింది. సేన ఉంటే ఆగేదని చెప్పలేను, గోమాలో ఉన్నా ఆగలేదు. కానీ ఇప్పుడు అక్కడి సంత దారుల్లో ఆడవాళ్లకు తోడెవరు?

2022 జులైలో కాంగోలోని బుటెంబోలో జనం శాంతిసేన మీద తిరగబడినప్పుడు ఇద్దరు బీఎస్ఎఫ్ జవాన్లు చనిపోయారు. తమను కాపాడలేదన్న ఆ జనం కోపం నాకు అర్థమవుతుంది. ఆ జవాన్ల ఇళ్లలో ఏడుపూ తెలుసు. ఇకపై మన బెటాలియన్ విమానం ఎక్కే ముందే దుబాసీలు ఎందరు, హెలికాప్టర్లు ఎన్ని, ఏ పరిస్థితిలో కాల్పులు జరపవచ్చు అన్నది ఢిల్లీ సమితితో కాగితం మీద తేల్చుకోవాలి.

- ఒక మాజీ హవల్దార్, ప్రకాశం జిల్లా