ఆవకాయకు రండి

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె వచ్చేసింది, రోళ్లు పగిలే ఎండలే. అయినా జూన్ 12న బడులు తెరిచేలోగా ఊరికి రావాల్సిందే. ఈ ఆదివారం ఆవకాయ పెడుతున్నాం. కాయలు తెల్లవారుజామునే కోయిస్తాం. కడిగి, తుడిచి, ఆరబెట్టి, పెచ్చుతో సహా ముక్కలు కొట్టించడం మగవాళ్ల పని. జీడి, లోపలి పొర తీయడం పిల్లలది. కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు పెద్దత్తయ్య చూసుకుంటుంది, అందులో ఎవరూ వేలు పెట్టకండి (చిన్నబావగారూ, మీకే!). జాడీలు నిండాక, కలిపిన బేసినులో వేడన్నం, నెయ్యి వేసి అమ్మమ్మ కలిపే ముద్దల ముందు ఏ విందు భోజనమూ నిలవదని నా అభిప్రాయం. వరుసలో పిల్లలే ముందు.

తాటి ముంజలు ముదిరిపోతున్నాయి. లేతవి కావాలంటే శనివారం సాయంత్రానికే దిగండి. రసాలు మాత్రం బుట్టల నిండా ఉన్నాయి. పిల్లలకు పాత చొక్కాలు వేయండి, ఆ మరక పోదు.

పడక డాబా మీదే. సాయంత్రం నీళ్లు చల్లి ఉంచుతాం. గురక పెట్టేవాళ్లకు మెట్ల వైపు చోటు. దోమతెరలు ఇక్కడ చాలవు, మీవి తెచ్చుకోండి. ఏ బస్సుకు వస్తున్నారో ఇక్కడే రాయండి, తమ్ముడు ఆటో పంపిస్తాడు.