దసరా సెలవుల్లోనే కలుస్తున్న పిల్లలు

సంపాదకుడు గారికి నమస్కారం,

దసరా సెలవులకు మా వాడకు వచ్చిన పిల్లల్లో ఒకడిది ఎస్సీ గురుకులం, ఒకడిది బీసీ గురుకులం, పక్కింటి పాపది మైనారిటీ గురుకులం, కాస్త డబ్బున్న వాళ్ల పిల్లలేమో టౌన్‌లో ప్రైవేటు బడికి పోతున్నారు. కలిసి గోలీలాడుకున్న వాళ్లే ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడటానికి మొహమాటపడుతుంటే బాధేసింది.

గురుకులాలను నేను తప్పుపట్టడం లేదు. మా అన్న కూతురు అక్కడ చదివే ఎంబీబీఎస్‌లో చేరింది, మా ఇంట్లో ఎవరూ ఊహించని సంగతి అది. 1971లో పీవీ నరసింహారావు గారి చొరవతో సర్వేల్‌లో మొదలైన గురుకులం పల్లె పిల్లలందరి కోసం పెట్టింది. తర్వాత ఒక్కో వర్గానికి ఒక్కో సొసైటీ వచ్చింది. ఇతరులకూ కొన్ని సీట్లున్నా బోర్డు మీది పేరే పిల్లల్ని విడదీస్తోంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ స్కూళ్లకు శంకుస్థాపన చేసింది, అన్ని వర్గాల పిల్లలను ఒకే ప్రాంగణంలో చదివిస్తామంది. చాలా మంచి మాట. అయితే క్లాసు, హాస్టల్, భోజనం కూడా ఒకటే కావాలి, ఒకే కాంపౌండ్‌లో వేర్వేరు బిల్డింగులు కడితే మాత్రం ఏం లాభం?

ఇంకో సంగతి, డబ్బున్న పిల్లలు అప్పుడూ బయటే ఉంటారు. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద పిల్లలకు ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అడ్మిషన్లు మొదలయ్యాయి, మన దగ్గర ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. ప్రతి మండలంలో ఏ బడిలో ఎన్ని సీట్లిచ్చారో అధికారులు అడ్మిషన్ల ముందే ప్రకటించాలి.

- ఒక తల్లి, నల్లగొండ జిల్లా